గోడ అవతలి కాలు బెణుకు

వదినగారూ, కాలు ఎలా ఉందండీ? కుంటుకుంటూ గోడదాకా ఎందుకొచ్చారు, పిలిస్తే నేనే వచ్చేదాన్నిగా! ముందు ఆ పీట లాక్కుని కూర్చోండి. వేడి కాపడాలూ, ఎవరిచేతో బెణుకు తీయించడాలూ ఇప్పుడే వద్దు. రెండు మూడు రోజులు ఐసు గుడ్డలో చుట్టి పెట్టుకోండి, పడుకున్నప్పుడు కాలు దిండు మీదుంచుకోండి. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, చీలమండ పక్కనున్న ఎముక నొక్కితే ఓర్వలేనంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

మెట్లు దిగేటప్పుడే కదూ మడతపడింది? ఎక్కేటప్పుడైతే ఇంత తేలిగ్గా పడదు. మోకాలి కింది రెండు ఎముకలూ చివర్న కలిసి గాడిలా ఏర్పడతాయి. అందులో టాలస్ అనే ఎముక, వడ్రంగి దూర్చి బిగించిన చెక్కలా కూర్చుంటుంది. దానికి ఒక్క కండరమూ అతుక్కుని ఉండదు, కానీ ఒంటి బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగాలి. అది ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. పాదం పైకి వంచితే వెడల్పు భాగం గాడిలోకొచ్చి బిగుస్తుంది. మెట్టు దిగబోతూ వేళ్ళు కిందికి చాచామా, సన్న భాగం వచ్చి పట్టు సడలుతుంది. సరిగ్గా అప్పుడే పాదం లోపలికి తిరిగితే, బయటివైపు లిగమెంట్లు సాగిపోతాయి. లోపలివైపుది వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. అందుకే బెణుకులు ఎక్కువగా బయటివైపే.

టాలస్ కింద ఇంకో కీలుంది. పై కీలుతో పాదం పైకీ కిందికీ ఆడుతుంది, దీనితో పక్కలకి ఒరుగుతుంది. పొలం గట్టు మీద పడిపోకుండా నడుస్తున్నామంటే ఈ కింది కీలు చలవే.

కాలు పోగొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుందండీ వీటి విలువ. వెనకటి విదేశీ రకం కృత్రిమ పాదానికి చీలమండ వంగేది కాదు. బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చునేవాళ్ళకి సరిపోయేది. మనవాళ్ళు గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి, చెప్పుల్లేకుండా గుళ్ళోకి వెళ్ళాలి. పెట్టించుకున్న కాలు మూలన పడేసి, కర్ర పట్టుకున్నవాళ్ళు ఎంతమందో. అది చూసి 1960ల చివర్లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో ఓ పాదం చేశారు. అది పైకి వంగుతుంది, పక్కలకీ ఒరుగుతుంది. చూడ్డానికీ పాదంలాగే ఉంటుంది, చెప్పుల్లేకుండా తిరగొచ్చు, బురదలో దిగొచ్చు. సేథీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మగారికి పెద్ద చదువు లేదు, అంతా చేతుల్లో ఉన్న విద్యే. ఆయన పేరు కూడా అంతే గట్టిగా తలుచుకోవాలంటాను నేను.

మనం చూసిన ‘మయూరి’ సినిమా గుర్తుందా, సింగీతం శ్రీనివాసరావుగారిది? నర్తకి సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆ పిల్లకి కాలు తీసేశారు. మళ్ళీ వేదికెక్కింది ఈ జైపూర్ కాలితోనే. భరతనాట్యంలో అరమండి అంటే మోకాళ్ళు వంచి, పాదాలు నేలకి పూర్తిగా ఆనించి నిలబడాలి. చీలమండ వంగకపోతే అలా నిలబడ్డం ఎంత కష్టమో ఆలోచించండి. దెబ్బ తగలకుండానే మనం ఆ వంపు పోగొట్టుకుంటున్నామని నా దిగులు. కింద కూర్చోవడం మానేశాం, పిక్కలు బిగుసుకుపోయాయి, గొంతుక్కూర్చుంటే మడమలు లేచిపోతున్నాయి.

అందుకే చెప్తున్నా, వాపు తగ్గాక కాలు ఆడించకుండా ఉంచెయ్యకండి. కూర్చునే గాలిలో బొటనవేలితో అఆలు రాయండి. నొప్పి తగ్గాక ఈ గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డం మొదలుపెట్టండి. లిగమెంటు సాగినప్పుడు పాదం ఎటు ఒరుగుతోందో చెప్పే స్పృహ కూడా మందగిస్తుందట, అది తిరిగి రాకపోతే అదే కాలు మళ్ళీ మళ్ళీ మడతపడుతుంది. మీరు అటు నిలబడండి, నేను ఇటునుంచి అంకెలు లెక్కపెడతాను.