తెలివి తప్పినోడి నోట్లో నీళ్ళు పోయకండి

మిరప కోతలు నడుస్తున్నాయి, ఎండ ముదిరింది. పోయినేడు మా కల్లంలో జరిగింది మీకు చెప్పాలి. తప్పు నాదే.

మధ్యాహ్నం ఒంటిగంటకి కాయలు తిరగేస్తా మా బామ్మర్ది నిలువునా కూలిపోయాడు. అందరం మూగాం. ఇద్దరు భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టారు, నేను చెంబుతో నోట్లో నీళ్ళు పోశా. మన ఊళ్ళల్లో ఎవరైనా చేసేది అదేగా! తెలివిలేని మనిషి ఎట్లా మింగుతాడు? పొలమారి దగ్గను కూడా లేదు, గురగురమని చప్పుడొచ్చింది. వడదెబ్బ నుంచి రెండ్రోజుల్లో తేరుకున్నాడు. నేను పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి, నిమ్ము చేసి, ఇంకో తొమ్మిది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. మా చెల్లెలు మొహం చూడలేకపోయా.

డాక్టరు గారు తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పారు. మామూలుగా కళ్ళు తిరిగి పడితే, బీపీ తగ్గి మెదడుకి రక్తం చాలక పడతారు. పడుకుంటే రక్తం తలకి అందుతుంది, నిమిషంలో వాళ్ళకే తెలివొస్తుంది. లేపి కూర్చోబెడితే ఆ రక్తాన్ని మళ్ళీ కిందికి దింపినట్టే. వెల్లకిలా ఉంచి కాళ్ళు కాస్త ఎత్తితే చాలు.

పిలిచినా పలక్కపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి మామూలుగా ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, కక్కినా బయటికి పోతుంది. గట్టున పడ్డ చేపలాగా ఎప్పుడో ఒకసారి నోరు తెరుస్తుంటే అది ఊపిరి కాదు. ఛాతీ నడుమ రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి, అంబులెన్సు వచ్చిందాకా.

ఒళ్ళు కాలిపోతుంటే నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి. ఒంటి మీద, నోట్లో కాదు. షుగర్ ఉన్నోళ్ళకి పంచదారైనా తెలివిలో ఉంటేనే పెట్టాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతారు చూడండి, దాంతో ఏమీ కాదు. ఆ తాళంతో బండి తీసి ఒకరు రోడ్డు మీదికి పోండి. ఎందుకంటే పొలానికి డోర్ నంబరు ఉండదు. మా దగ్గరికి రావాల్సిన అంబులెన్సు డొంక దారి తెలీక ఊళ్ళోనే ఇరవై నిమిషాలు తిరిగింది.

మా బామ్మర్ది ఈ ఏడూ కాయలకొచ్చాడు. రాగానే, "బావా, ఆ చెంబు ఇటియ్యి" అని తీసుకెళ్ళి తన సంచిలో పెట్టుకున్నాడు.