కామాఠిపురంలో చెడుగుడు

ముంబయి సెంట్రల్ స్టేషనులో దిగి, తూర్పు వైపున బయటికి వచ్చి, బెల్లాసిస్ రోడ్డు పట్టుకుని నాగపాడా దిక్కుగా నడిస్తే కుడిచేతి వైపు కామాఠిపురం గల్లీలు మొదలవుతవి. ఒకటవ గల్లీ, రెండవ గల్లీ అని అంకెలే గాని వాటికి వేరే పేర్లు లేవు. ఈ పేరు చదివి కొందరు పాఠకులు కనుబొమలు ముడివేస్తారని నాకు తెలుసును. వారికి ఒక్క మనవి. ఈ పేట మన పేరు మీద వెలసినది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ దొర సముద్రానికి కట్ట వేయించిన తరువాత పల్లపు నేలలు ఆరి, రోడ్లకూ ఇళ్ళకూ కూలీలు కావలసి వచ్చినారు. అప్పుడు నిజాము రాజ్యం నుంచి పలుగు పార భుజాన వేసుకుని వచ్చిన తెలుగు కూలీలే కామాఠీలు. వారు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠిపురం అయినది. ఈ మహానగరం రాళ్ళు మోసిన భుజాలలో మనవి ఎన్నో లెక్క కట్టిన వారు లేరు.

మోసినవారు మోయడంతో ఆగలేదు. జోతిరావు ఫూలే గారికి 1888లో ముంబయి ప్రజలు మహాత్మ బిరుదు ఇచ్చినప్పటికే ఆయన వెంట నిలిచిన మన తెలుగువారు కొందరు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్ వంటి వారి పేర్లు మరాఠీ పుస్తకాలలో కనిపిస్తవి గాని మన ఇళ్ళలో వినిపించవు. ఆ సంగతి ఇంకొక సంచికకు ఉంచుతాను.

ఇప్పుడు ఈ గల్లీ కుర్రవాడు ఉద్యోగానికి దరఖాస్తు రాస్తే చిరునామా దగ్గర కలం ఆగిపోతుంది. కొందరు ముంబయి సెంట్రల్ అని రాస్తారు, కొందరు మేనమామ ఇంటి చిరునామా రాస్తారు. 2022లో గంగూబాయి కాఠియావాడి సినిమా వచ్చినప్పుడు తమ పేట పేరు పాడవుతుందని కొందరు నివాసులు హైకోర్టు దాకా వెళ్ళినారు. ఆ వీధులలో చిక్కుకున్న ఆడవాళ్ళను నేను ఒక్క మాట అనను. వారి కష్టం వారిది. కాని ఆ గల్లీలలోనే బతుకమ్మ పేర్చే తల్లులు ఉన్నారు, తెల్లవారుజామున నల్లా దగ్గర బిందె పెట్టి డ్యూటీకి పరుగెత్తే తండ్రులు ఉన్నారు. వారి సినిమా ఎవరూ తీయరు.

చిరునామా దాచనక్కర లేకుండా చేసే ఉపాయం పక్క పేట వారికి దొరికినది. నాగపాడాలో 1920ల చివర క్లిఫర్డ్ మాన్‌షార్డ్ట్ అనే అమెరికను పాదిరీ గారు నైబర్‌హుడ్ హౌస్ అని ఒక సేవాకేంద్రం స్థాపించినారు. 1936లో టాటా వారి సాంఘిక సేవా విద్యాలయం మొదలైనది కూడా ఆ చోటనే. ఆ పరిసరాలలోని బాస్కెట్‌బాల్ మైదానాల నుంచి, సందుగొందుల పిల్లల నుంచి, భారత జట్టు ఆటగాళ్ళు బయలుదేరినారు. దేశానికి నాయకత్వం వహించి 1970లో అర్జున పురస్కారం పొందిన అబ్బాస్ మూంతసిర్ గారు నాగపాడా బిడ్డ. ఈనాడు నాగపాడా అంటే ఆటలు తెలిసినవారికి ముందు బాస్కెట్‌బాల్ గుర్తుకు వస్తుంది. నాలుగడుగుల దూరంలో ఉన్న మనకు ఏమి గుర్తింపు ఉన్నది?

మనకు చెడుగుడు ఉన్నది. మరాఠీ వారు మునుపు హుతుతు అనేవారు, ఇప్పుడు అందరూ కబడ్డీ అంటున్నారు. విదర్భలోని అమరావతి (మన అమరావతి కాదు సుమా) హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు 1936లో బెర్లిన్ ఒలింపిక్సు వేళ దానిని విదేశీయులకు ఆడి చూపినారు. 1990లో బీజింగులో ఆసియా క్రీడలలో చేరినది, బంగారు పతకం మనకే వచ్చినది. 2014 జూలైలో ప్రో కబడ్డీ తొలి పోటీ జరిగినది ఎక్కడనుకున్నారు? మన పద్మశాలీలు మూడు తరాలుగా కాపురమున్న వర్లీలోనే. టెలివిజనులో తెలుగు టైటన్స్, యు ముంబా తలపడిన రోజు మా చాళ్ళలో తండ్రి ఒక పక్షం, కొడుకు ఒక పక్షం.

మిల్లులు నడిచిన కాలంలో పరేల్, వర్లీ, ప్రభాదేవి చాళ్ళ ముందు మట్టి నేల ఉంటే చాలు, సాయంకాలం సున్నం గీతలు పడేవి. 1982 జనవరిలో రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగినారు. ఆ తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. జట్లు కూడా చెదిరిపోయినవి. మా గల్లీలో మిల్లు పని చేసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన మోకాలి మీది మచ్చ హుతుతు నాటిది. నేను మండలి సంగతి ఎత్తగానే ఆయన అన్న మాట ఇది: "అప్పుడు ఆట ఆడితె నౌకరి దొర్కుతుండె బిడ్డా. ఇప్పుడు ఆటకు పోతె నౌకరి పోతది."

ఈ మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది.

మేము మండలి పెట్టాలని కూర్చున్నది ఒక మిత్రుని ఖోలీలో, పది అడుగుల గది, సగం మంది గడప బయట. 1860 నాటి సంఘాల చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. కబడ్డీ జట్టులో బరిలో దిగేదీ ఏడుగురే. ఆ చట్టం రాసిన దొర ఎక్కడో చెడుగుడు చూసి ఉంటాడని నేనంటే అందరూ నవ్వినారు. ఈ రాష్ట్రంలో 1950 నాటి ధర్మాదాయ చట్టం కింద కూడా నమోదు కావాలి గనుక వర్లీలోని ఛారిటీ కమిషనరు కచేరీకి తిరగడం గుమాస్తాను కదా అని నా వంతుకు వచ్చినది. కాగితాలతో పని నాకు కొత్త కాదు.

పేరు దగ్గర తగవు వచ్చినది. 'తెలుగు' అన్న మాట ఉండాలని నలుగురు, వద్దని ముగ్గురు. నేను వద్దన్నవారిలో ఉన్నాను. తెలుగు మీద నాకు తక్కువ ప్రేమ ఏమీ లేదు. కాని మా గల్లీలో మరాఠీ పిల్లలు, ముస్లిం పిల్లలు, ఉత్తరాది పిల్లలు మా పిల్లలతో కలిసే పెరుగుతున్నారు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టాలంటే చేయీ చేయీ కలిపి గొలుసు కట్టాలి. ఆ గొలుసులో ఒక చెయ్యి వదిలేస్తే కూతగాడు జారిపోతాడు. చివరకు గల్లీ నంబరే మండలి పేరు చేసినాము. ఆ అంకె బనియను వీపున పెద్దగా వేయించాలని కుర్రవాళ్ళ కోరిక. దాచుకునే చిరునామాను వీపున మోస్తామన్నారు! ఆ మాట నాకు ఎంతో నచ్చినది.

నేల సంపాదించడం కష్టమైనది. పెద్దల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మా గల్లీలో స్కూటర్లు, చేతిబండ్లు, ఆరబోసిన బట్టలు పోగా మిగిలేది రెండు మీటర్లు. ఒక పాఠశాల వారు ఆదివారం ఉదయం ఆవరణ వాడుకోనిచ్చినారు. పిల్లలు కంకర ఏరి, ఎర్రమట్టి జల్లించి పోసి, నీళ్ళు చల్లి తొక్కినారు. మధ్య గీత నుంచి మూడు ముప్పాతిక మీటర్లకు బాక్ గీత, దానికి ఒక మీటరు అవతల బోనసు గీత. టేపు నేనే పట్టినాను.

ఇక డబ్బు. ఒక వ్యాపారస్తులు బనియన్లు, బూట్లు తామే ఇస్తామన్నారు, ముందు వైపున తమ దుకాణం పేరు ఉండాలన్నారు. అందరికీ సంతోషమే. కాని మా మంచి కూతగాడు పోటీకి రాలేదు. వాడు పార్సిళ్ళు చేరవేసే పని చేస్తాడు, ఆదివారమే గిరాకీ. వాళ్ళ అమ్మ నాతో సూటిగా అన్నది: "సారూ, బనీను ఏం జేస్కోవాలె? ఆదివారం పోతె ఆరు నూర్లు పోతయి."

మా కచేరీ కోటలో ఉన్నది. వానాకాలంలో ఆజాద్ మైదానం పక్కగా వస్తుంటే బాంబే జింఖానా వారి పచ్చికలో రగ్బీ ఆట కనిపిస్తుంది. బురదలో పడి, పట్టి, లేచి మళ్ళీ పడడం చూస్తే చెడుగుడుకు అది అన్నగారేమో అనిపిస్తుంది. ఆ ఆటలో రెండు శాఖలున్నవి. రెండవది రగ్బీ లీగ్. దానిలో జట్టుకు 13 మంది. పట్టుబడ్డవాడు లేచి కాలితో బంతిని వెనక్కు దొర్లించాలి, ఆరు సార్లు పట్టుబడితే బంతి అవతలివారిది. ఈ శాఖ పుట్టిన కథ మన చాళ్ళ కథలాగే ఉన్నది. ఉత్తర ఇంగ్లండులో ఆటగాళ్ళు బట్టల మిల్లుల వారు, గనుల వారు. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మట్టుకు ఇప్పించండి అని వారి క్లబ్బులు అడిగినవి. ఆటకు డబ్బేమిటని దక్షిణాది పెద్దమనుషులు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు ఊరి జార్జి హోటలులో 20కి పైగా క్లబ్బులు చేరి వేరుపడినవి. పనిపోయిన రోజుకు ఆరు షిల్లింగుల దాకా ఇవ్వవచ్చునని నియమం పెట్టుకున్నవి. అంతే, గొప్ప ఆదర్శమేమీ ప్రకటించలేదు.

తరువాతి సమావేశంలో నేను ఆ సంగతి చెప్పి, బూట్లు ఆగవచ్చు, ముందు పోటీ నాటి కూలి నిధి పెడదామన్నాను. కుర్రవాడికి డబ్బిస్తే ఆట మీద భక్తి పోతుందని ఒక పెద్దాయన వాదించినారు. ఆయన పింఛనుదారు, ఆదివారం ఆయనకు ఏమీ పోదు. ఓట్లు వేస్తే నాలుగు మూడు. వ్యాపారస్తులు కొంత నొచ్చుకున్నారు గాని బనియన్లకు ఇచ్చే డబ్బులో సగం నిధికి ఇచ్చినారు. బూట్లు లేవు, మట్టి మీద వట్టి కాళ్ళే. ఇప్పుడు రైల్వే వారికి, పోలీసు వారికి, కొన్ని కంపెనీలకు కబడ్డీ జట్లున్నవి, ఆట పేరిట ఉద్యోగాలు ఇస్తారు. అక్కడి దాకా ఒక్క కుర్రవాడు వెళ్ళినా పెద్దాయన మాట తిరగబడుతుంది. కాని అక్కడి దాకా వెళ్ళేలోపు రెండు మూడేళ్ళు ఇంటిలో పొయ్యి వెలగాలి.

ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మన ఆడవారు బంగారం తెచ్చిన సంగతి వారికి నాకంటే బాగా తెలుసు. బట్టలు మార్చుకునే గది ఒకటి కావాలని పాఠశాల వారిని అడిగి ఉన్నాము.

ఇంకొక చింత ఉన్నది. వర్లీ బి.డి.డి. చాళ్ళు పడగొట్టి కడుతున్నారు, 2025 ఆగస్టులో మొదటి కుటుంబాలకు 500 అడుగుల కొత్త ఇళ్ళ తాళాలు చేతికి వచ్చినవి. కామాఠిపురానికి కూడా మ్హాడా పథకం ఉన్నది. ఇల్లు పెద్దదైతే ఎవరికి చేదు? మా ఖోలీలలో పడుకున్నవాణ్ణి దాటుకుని పోవలసిందే. అయినా ఆ నకళ్ళలో కారు నిలిపే చోటు గీసి ఉంటుంది, బరి గీసి ఉండదు. అందుచేత 13 మీటర్లు, 10 మీటర్లు, చుట్టూ నాలుగేసి మీటర్ల ఖాళీ అని లెక్క కట్టి, మండలి ముద్ర వేసి, ఒక అర్జీ పంపినాము. ఇంగ్లీషులో ఒకటి, మరాఠీలో ఒకటి. జవాబు రావలసి ఉన్నది.

బరి ఆదివారం ఉదయం 7 గంటలకు మొదలవుతుంది. సున్నం మూట మా ఖోలీలో మంచం కింద ఉన్నది.