తొలి ఈత మేక

మీలో మేకను చూడనివారు వుండరు. కాని దాని పొదుగును ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? ఆవుకు నాలుగు చన్నులుంటాయి, మేకకు రెండే. పొదుగు లోపల కూడా రెండు భాగాలుంటాయి. మధ్య గోడ కట్టినట్టుంటుంది కనక, ఈ పక్క పాలు ఆ పక్కకు పోవు. మొదటిసారి ఈనిన మేక దగ్గర ఈ సంగతి చాలా ముఖ్యం. ఎందుకో చెపుతాను, వినండి.

మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. నా చిన్నతనంలో మా యింట్లో ఒక నల్లమేక వుండేది. మేక చూడి కట్టిన సుమారు 150 రోజులకు ఈనుతుంది. మా మేకకు అది తొలి ఈత. ఒకే పిల్ల పుట్టింది. పిల్ల లేచి నిలబడగానే మా అవ్వ దానిచేత ముర్రుపాలు తాగించింది.

"ముందు బిడ్డకు, తరవాతే మనకు," అన్నది అవ్వ.

ఆ మాటలో శాస్త్రం వున్నది. రోగాలను ఎదిరించే పదార్థాలు మేకపిల్లకు తల్లి కడుపులో వుండగా అందవు. అవి ముర్రుపాల ద్వారానే రావాలి. మొదటి రోజు గడిచిందంటే పిల్ల పేగులు వాటిని రక్తంలోకి తీసుకోలేవు. అందుచేత ఈనిన గంట, రెండు గంటల్లోనే తాగించాలి.

మూడో రోజుకు ఒక చిక్కు వచ్చింది. పిల్ల ఎప్పుడూ కుడి చన్నే తాగేది. ఎడమ పక్క పొదుగు నిండి బిగుసుకుపోయింది. మా యింటికి పాడి ఆ మేక ఒక్కటే. ఆ పక్క వట్టిపోతే, పిల్ల తాగగా మాకు మిగిలేది ఏమీ వుండదు.

అవ్వ మేక ముందు ఒక అవిసె కొమ్మ కట్టింది. నన్ను మెడ పట్టుకోమన్నది. గోరువెచ్చని నీళ్లతో పొదుగు తుడిచి, ఎడమ చన్ను పితకసాగింది. మేక కాళ్లు విసిరింది. నేను గద్దించబోయాను.

"అదిలించవద్దురా, నాయనా! బెదిరితే చేపదు," అన్నది అవ్వ.

అదీ నిజమే. పొదుగును తాకినప్పుడు మెదడు నుంచి ఒక రసం రక్తంలో కలిసి వచ్చి పాలను కిందికి దించుతుంది. భయపడితే ఆ పని సరిగా జరగదు. ఆ రోజు గిన్నె అడుగు మాత్రమే తడిసింది. అయినా అవ్వ రోజూ రెండు పూటలా పితికింది. పది రోజులయ్యేసరికి పూటకొక గ్లాసు పాలు రాసాగాయి.

"స్వర్ణముఖి ఇసకలో చెలమ తీస్తే, తోడేకొద్దీ ఊరుతుంది. తోడకపోతే పూడిపోతుంది. పొదుగూ అంతే," అన్నది అవ్వ.

1980 దశకంలో స్కాట్లండులోని హన్నా పరిశోధనా సంస్థలో మేకలమీద ఒక ప్రయోగం చేశారు. పొదుగులో ఒక పక్కను రోజుకు మూడుసార్లు, రెండో పక్కను రెండుసార్లు పితికారు. మూడుసార్లు పితికిన పక్కనే పాలు హెచ్చాయి! రెండు పక్కలకూ అందేది ఒకే రక్తం, ఒకే మేత. కనక పాలు హెచ్చడానికి కారణం ఆ పక్క పొదుగులోనే వున్నదన్నమాట. పాలు నిలవవుంటే, "ఇక చాలు" అని ఆ పక్కకు కబురందుతుంది. పాలు తీసేస్తే మళ్లీ తయారవుతాయి.

అయితే చెలమ ఊరాలంటే అడుగున నీరుండాలి గదా! మేకపాలలో నూటికి 87 వంతులు నీరే. మన రాయలసీమ ఎండల్లో పాలిచ్చే మేకకు మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో వుండాలి. ఆకు, వేరుశెనగ కట్టె కడుపునిండా పెట్టాలి. తవుడు, చెక్క కొద్దికొద్దిగా పెంచాలి. ఒక్కసారిగా ఎక్కువ దాణా పెడితే కడుపు చెడుతుంది.

పొదుగు వేడిగా, గట్టిగా వున్నా, పాలలో గడ్డలో నెత్తురో కనిపించినా ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడికి చూపించాలి. ఈ వైద్యం నేర్పే కళాశాల తిరుపతిలో 1955లోనే వెలిసింది. ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. మేకపాలను బాగా కాచి తాగాలని కూడా గుర్తుంచుకోండి.

పాలు తక్కువని తొలి ఈత మేకను సంతలో అమ్మేసేవారున్నారు. కాని తొలిసారి ఈనిన మేక సాధారణంగా తాను కూడా ఇంకా ఎదుగుతూనే వుంటుంది. తిన్న మేతలో కొంత దాని ఒంటికే పోతుంది. తరవాతి ఈతల్లో పాలు హెచ్చుతాయి. కనక మీ యింటి మేక మొదటిసారి ఈనినప్పుడు, పిల్ల రెండు చన్నులూ తాగుతున్నదో లేదో ముందు చూడండి. వట్టిపోయిన పక్క మళ్లీ పాలివ్వాలంటే సాధారణంగా మరో ఈత దాకా ఆగవలసిందే.