ముక్కు మీది ఆకుపచ్చ గీత

నిన్న రాత్రి నుంచి ఈ ముఖం నన్ను వదలడం లేదు. ఆన్రీ మతీస్ 1905లో వేసిన తన భార్య అమేలీ చిత్రం. నుదుటి మీంచి ముక్కు వెంట దిగే ఒక మందపాటి ఆకుపచ్చ గీత. మొదటిసారి చూసినప్పుడు ఏదో దెబ్బ మచ్చ అనుకున్నాను. కాదు, అది నీడ. వెలుగు పడే చెంపకీ పడని చెంపకీ మధ్య మామూలుగా గోధుమరంగులో వేసే నీడని ఆయన పచ్చగా వేశాడు. ఒక చెంప పసుపు, ఇంకోటి గులాబి. వెనక గోడ కూడా ముక్కలు ముక్కలుగా రంగులే.

ఇన్ని రంగులు కేకలేస్తుంటే ఆవిడ మాత్రం ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఆ నల్లటి కనుబొమలు, బిగించిన పెదాలు, నడినెత్తిన ముడి. కొందరికి ఇందులో కోపం కనిపిస్తుందట. నాకు మాత్రం ఓర్పు కనిపిస్తుంది, ఇంటి బరువంతా మోస్తూ కాసేపు కదలకుండా కూర్చున్న మనిషి ఓర్పు. ఆ గీతని చేత్తో మూసి చూశాను. ముఖం రెండు ముక్కలై జారిపోయింది. చెయ్యి తీయగానే మళ్ళీ అతుక్కుంది.

అసలు చిత్రం కోపెన్‌హాగెన్‌లో ఉంది. ఎత్తు 40 సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, అంతే.