గుల్జార్ హౌజ్ నుంచి కోకాపేట దాకా

హైదరాబాదులో గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. 1591లో చార్మినార్ కట్టిన నాటి నుంచీ ఇక్కడ దారులు ఒకదాన్నొకటి కోసుకుంటూనే సాగాయి. లాడ్‌బజార్‌లో గాజుల కొట్ల మధ్య బండ్లు ఇరుక్కుంటే స్కూటరువాడు పక్క గల్లీలోకి తిప్పి, ఇంకో గల్లీలోంచి బయటపడతాడు. గల్లీ ఇరుకే కానీ, ఒకటి మూసుకుపోతే ఇంకొకటి ఉంటుంది.

పత్తర్‌గట్టీ, నయాపూల్, మొజంజాహీ మార్కెట్ దాటి మాసబ్‌ట్యాంక్ చేరితే, పక్కన విజయనగర్ కాలనీలో ఇంకా వీధికి వీధి తగులుతూనే ఉంటుంది. మెహిదీపట్నంలో మిలిటరీ స్థలం అడ్డొస్తుంది. అక్కడి నుంచి బండ్లన్నీ ఒకే రోడ్డు మీద పడతాయి. టోలిచౌకి జామ్‌లకు విసిగి, 2022లో షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచారు. పైన పోయేవాళ్లకు అది మేలే. కింద అటు నుంచి ఇటు దాటాల్సిన మనిషికి మాత్రం అది కొత్త దారేమీ ఇవ్వలేదు.

రాయదుర్గం దాటాక రోడ్డు వెడల్పవుతుంది, చౌరస్తాలు తగ్గిపోతాయి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట అంతా గేటెడ్ కమ్యూనిటీలే. ఒక్కోదానికి ప్రహరీ, గేటు, సెక్యూరిటీ క్యాబిన్. లోపల చక్కటి సిమెంటు రోడ్లు గోడ దాకా వచ్చి ఆగిపోతాయి. గోడ అవతల బడి గంట ఇంట్లోకి వినిపిస్తుంది. అయినా పిల్లవాడు బస్సెక్కి మెయిన్ రోడ్డు మీదికి వచ్చి, యూటర్న్ కొట్టి అక్కడికి చేరాలి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ చుట్టుదారంతా ఎండలో కాలినడకనే తిరుగుతారు. నాకు బాధగా ఉండేది వాళ్ల గురించే. కారున్నవాళ్లకు పోయేది కాస్త పెట్రోలు.

ఆ పైన ఔటర్ రింగ్ రోడ్డు, 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. ఇంటర్‌చేంజ్ దగ్గర తప్ప ఎక్కలేం, దిగలేం. దూరప్రయాణానికి అది కావలసిందే. ఊరి లోపలి రాకపోకలకు కావలసినవి చిన్న దారులు.

ఇప్పుడు లింకు రోడ్లు వేస్తున్నారు. మంచి పనే, కానీ గోడలు లేచాక భూసేకరణ, పరిహారం, కోర్టు కేసులు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే రోజునే పక్క లేఅవుట్‌లోకి రెండు మూడు చోట్ల దారి వదలమంటే పోయేవి కొన్ని గజాలే. కోకాపేట అవతల శంకర్‌పల్లి వైపు ఇంకా పొలాలున్నాయి. అక్కడ ప్లాన్లు పాస్ చేసే అధికారులు ఈ షరతు ఇప్పుడే పెట్టాలి.