కేసీ కాలువ, మా ఇంటి రౌటరు

మొన్న మా చెల్లెలి ఇంటర్వ్యూ నా వల్లే పోయింది. ఇక్కడ ఒప్పుకుంటే కొంచెమైనా భారం తగ్గుతుందేమోనని ఈ టపా.

మాది మైదుకూరు దగ్గర పల్లె. వర్క్ ఫ్రం హోం పుణ్యమా అని ఏడాదిగా ఇక్కడే ఉంటున్నా. మా కనెక్షన్ అప్‌లోడు 10 ఎంబీపీఎస్. నా మీటింగులు తెగకూడదని రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసి, నా ల్యాప్‌టాప్ నుంచి వెళ్ళే ప్యాకెట్లన్నిటికీ మొదటి ప్రాధాన్యం ఇచ్చేశా. అదీ స్ట్రిక్ట్ ప్రయారిటీ. పై క్యూ ఖాళీ అయితేనే కింది క్యూకి వంతు. ఆ రోజు నేనొక పెద్ద డాకర్ ఇమేజ్ పుష్ చేస్తున్నా. పక్క గదిలో చెల్లికి అవతలివాళ్ళ మాటలు చక్కగా వినపడుతున్నాయట, తన మాటే వాళ్ళకి చేరలేదు. అప్‌లోడంతా నేనే తాగేస్తున్నా కదా మరి!

సాయంత్రం నాయనకి వివరించబోతే సగంలోనే ఆపాడు. "పైనోడివి నువ్వు తూము మూయకపోతే కిందోళ్ళకు నీళ్ళు యాన్నుంచి వస్తాయిరా?"

ఆయనకి తెలీకుండా ఎట్లా ఉంటుంది? మా చేను కేసీ కాలువ ఆయకట్టులో చివర. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టి, 1882లో ప్రభుత్వం కొనేసిన కాలువ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని కర్నూలు మీదుగా కడప దాకా మూడొందల కిలోమీటర్లు రావాలి. 1976 నాటి బచావత్ తుది తీర్పులో దీనికి 39.9 టీఎంసీలు రాశారు. కాయితం మీది హక్కు చేలోకి రావాలంటే పైనున్న ప్రతి తూమూ మాట వినాలి.

ఆ రాత్రే కూర్చుని హెచ్‌టీబీకి మార్చా. మొత్తాన్ని 9 దగ్గర కట్టేశా. 10 వదిలితే క్యూ నా రౌటర్లో కాక ముందున్న మోడెంలో పేరుకుంటుంది, అక్కడ నా మాట చెల్లదు. కాల్స్‌కి 3, బ్రౌజింగుకి 4, పుష్‌లూ బ్యాకప్పులకి 2. ఇవి హక్కులు. పక్కవాడు వాడుకోకపోతే ఎవరైనా 9 దాకా అరువు తీసుకోవచ్చు, వాడికి కావాల్సినప్పుడు వదిలెయ్యాలి. ఒక్కో క్లాసు లోపల ఎఫ్‌క్యూ-కోడెల్ పెట్టా, ఒకే అప్‌లోడు మిగతావాటిని తొక్కెయ్యకుండా.

ఒక చిక్కొచ్చింది. నా వీపీఎన్‌లో మీటింగూ, పుష్షూ ఒకే సొరంగంలో పోతాయి, రౌటరుకి లోపలిది కనపడదు. చేసేది లేక వీపీఎన్ మొత్తాన్నీ 2లోకి తోసేశా. నా వీడియో అప్పుడప్పుడూ మసగ్గా వస్తోంది, టీములో ఎగతాళి చేస్తున్నారు. చెయ్యనీ :)

చెల్లికి వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నేను ఇంత కాన్ఫిగ్ రాసినా, "ఆ గంటసేపు నీ ల్యాప్‌టాప్ మూసెయ్ అన్నా, చాలు" అంటోంది.