కూలర్‌లో నిలిచిన నీళ్లు

డెంగీ అంటే వానాకాలం జబ్బే అనుకునేదాన్ని. మొన్న డిసెంబరులో తమ్ముడికొచ్చింది. ప్లేట్‌లెట్లు 30 వేలకు పడిపోయాయి. నాలుగు రోజులు అమ్మా నేనూ ఆసుపత్రిలోనే.

"చలికాలంలో కూడానా డాక్టర్?" అనడిగా.

"చలి ఏదమ్మా?" అన్నారాయన. వేడి పెరిగితే ఏడిస్ దోమ త్వరగా ఎదుగుతుందట, దాని ఒంట్లో వైరస్ కూడా త్వరగా పెరుగుతుందట. పైగా అది కుట్టేది పగలు. మేం దోమతెర కట్టేది రాత్రి!

ఇంటికొచ్చి చూస్తే, వేసవిలో వాడి నేను బాల్కనీలో వదిలేసిన కూలర్‌లో నవంబరు వాన నీళ్లు. నిండా లార్వాలు.

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్‌లో అలారం. నీళ్లు పారబోసి, లోపల గట్టిగా రుద్దుతా. అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి మరి.

తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ, వాడు నవ్వుతున్నాడు, అది చాలు.